తెనాలి చిక్కుడు చికాగోలో ఎందుకు పూయట్లేదు?

ప్రశ్న: నమస్తే అండీ. మాది తెనాలి దగ్గర పల్లె, అక్కడ ఇంటి వెనక పందిరేసి బీర, సొర, చిక్కుడు అన్నీ నేనే పండించేదాన్ని. ఇప్పుడు చికాగో పక్కన ఉంటున్నాం, పెరడు పెద్దదే. పోయిన ఏడాది ఏప్రిల్‌లో బీర గింజలు పెడితే సగం మట్టిలోనే కుళ్ళిపోయాయి, మొలిచినవాటికి పిందెలు పసుపెక్కి రాలిపోయాయి. చిక్కుడు కంచె నిండా పాకింది గానీ సెప్టెంబర్ దాకా పువ్వే లేదు, తీరా పూశాక అక్టోబర్‌లో ఒక్క రాత్రి చలికి మొత్తం మాడిపోయింది. కుండీలో కరివేపాకు చలికాలం ఇంట్లో పెడితే ఆకంతా రాల్చేసింది. ఎరువు చాలట్లేదా, మట్టి పడట్లేదా?
– ఒక పాఠకురాలు, ఇల్లినాయ్

జవాబు: ముందు చిక్కుడు సంగతి చూద్దామండీ, అది అర్థమైతే మిగతావి తేలిక. మీ చేతిలో లోపం లేదు, ఎరువులోనూ లేదు. మన పందిరి చిక్కుడు పగలు తగ్గి రాత్రి పెరిగితేనే పూస్తుంది, అందుకే మనకి కార్తీకం దాటాక కాపు అందుకుని రథసప్తమికి రథం కట్టుకోడానికి కాయలు దొరుకుతాయి. జూన్‌లో తెనాలిలో పగలు దాదాపు 13 గంటలే, చికాగోలో 15 గంటలు దాటుతుంది, ఆ వెలుతురులో తీగ ఆకు మీద ఆకు వేస్తూ పోతుందే తప్ప పూత జోలికి పోదు, రాత్రులు పెరిగి పూతకొచ్చేసరికి ఫ్రాస్ట్, అంటే మొక్కల్ని మాడ్చేసే గడ్డకట్టే చలి, వచ్చేస్తుంది. పువ్వు రాలేదని నత్రజని ఎరువు ఎక్కువ వేస్తే ఆకు ఇంకా గుబురెక్కుతుంది, అంతే.

పగటి పొడవుతో పని లేని రకాలు ఉన్నాయి. బెంగళూరులోని ఉద్యాన పరిశోధన సంస్థ ఐఐహెచ్ఆర్ వాళ్ళ అర్కా జయ్, అర్కా విజయ్ అలాంటివే, పందిరి అక్కర్లేని చెట్టు చిక్కుళ్ళు. చికాగోలో విత్తనాలు కొనేటప్పుడు పొట్టి రకమా, ఎండాకాలంలో కాస్తుందా అని అడిగి తీసుకోండి. పాత తీగ రకమే కావాలంటే పోర్చ్ లైట్ పడే చోట మాత్రం పెట్టొద్దు, రాత్రి వెలుతురు పడితే పూత ఇంకా వెనక్కి పోతుంది.

బీర గింజలు కుళ్ళడానికి కారణం చల్లటి మట్టి. ఏప్రిల్‌లో బయట ఎండ బాగానే కాస్తున్నట్టు ఉంటుంది, వేలు గుచ్చి చూడండి, లోపల ఇంకా చల్లగా ఉంటుంది. మట్టి 20 డిగ్రీల సెల్సియస్ దాటితే గానీ బీర, సొర, కాకర సరిగ్గా మొలవవు. అక్కడివాళ్ళు మదర్స్ డే, అంటే మే రెండో ఆదివారం, దాటాకే నారు బయట పెడతారు, మన తీగ జాతులకి ఇంకో పది రోజులు ఆగినా నష్టం లేదు. ఏప్రిల్ చివర్లో గింజలు రాత్రంతా నానబెట్టి పేపర్ కప్పుల్లో ఇంట్లోనే మొలిపించుకోండి, వీటికి వేరు కదిలితే పడదు కాబట్టి కప్పు అడుగు చింపేసి కప్పుతో సహా నాటేయండి. నాటేముందు వారం రోజులు బయట నీడలో కొంతసేపు, తర్వాత ఎండలో కొంతసేపు పెట్టి అలవాటు చేయాలి, ఇంట్లో పెరిగిన లేత మొక్కని తిన్నగా ఎండలో పెడితే ఆకు తెల్లబడిపోతుంది. వంగ, మిరప మాత్రం మార్చిలోనే ఇంట్లో నారు పోసుకోవాలి, లేకపోతే కాపుకి టైమ్ చాలదు.

పిందెలు రాలడం చాలావరకు పుప్పొడి అందక. బీర పువ్వు సాయంత్రం విచ్చుకుంటుంది, ఆ వేళకి తేనెటీగలు వెళ్ళిపోతాయి. చీకటి పడేముందు ఒక మగ పువ్వు కోసి, రేకులు తీసేసి, పిందె ఉన్న ఆడ పువ్వు మధ్యలో మెల్లగా రుద్దండి. మొదట్లో అన్నీ మగ పువ్వులే వస్తాయి, కంగారు పడకండి.

ఇంకో మాట, మనం చలికాలంలో వేసేవి అక్కడ ఏప్రిల్‌లో, మళ్ళీ ఆగస్టు చివర్లో వేసుకోవాలి. కొత్తిమీర, మెంతికూర జూన్‌లో వేస్తే ఆకు రాకుండానే పూతకొచ్చేస్తాయి. గోంగూర, తోటకూర, బచ్చలి మాత్రం ఆ ఎండాకాలానికి హాయిగా పెరుగుతాయి, ఆ పొడుగు పగళ్ళలో గోంగూర పూతకి పోకుండా ఆకు ఇస్తూనే ఉంటుంది.

కరివేపాకు ఆకు రాల్చిందని పారేయకండి. కొమ్మ మీద గోటితో చిన్నగా గీకి చూడండి, లోపల పచ్చగా ఉంటే బతికున్నట్టే. రాత్రి 10 డిగ్రీలకి దిగకముందే లోపలికి తెచ్చి దక్షిణం కిటికీ దగ్గర పెట్టండి, హీటర్ గాలి తగలనివ్వకండి, పైమట్టి ఎండాకే నీళ్ళు పోయండి, మార్చి దాకా ఎరువు వద్దు. ఎక్కువమంది ఇళ్ళల్లో అది చచ్చేది చలికి కాదు, ఆకులేని మొక్కకి రోజూ నీళ్ళు పోయడం వల్ల.

ఇండియా నుంచి వచ్చేవాళ్ళతో విత్తనాలు తెప్పించుకుంటే ఫైటోశానిటరీ సర్టిఫికెట్ (తెగుళ్ళు, పురుగులు లేవని ప్రభుత్వం ఇచ్చే పత్రం) ఉండాలి, ఎయిర్‌పోర్టులో డిక్లేర్ చేయాలి. కరివేపాకు మొక్క గానీ పచ్చి రెమ్మలు గానీ అసలు తేవొద్దని చెప్పండి, నిమ్మజాతి తోటల్ని నాశనం చేసే తెగులుని మోసే పురుగు దానిమీద ఉండొచ్చు. మొక్క అక్కడి నర్సరీలోనే కొనుక్కోండి.