వ్యాయామంతో నొప్పులు పెరుగుతున్నాయి, మానేయవచ్చా?

ప్రశ్న: నా వయసు 44. ఫైబ్రోమయాల్జియా (ఒళ్లంతా దీర్ఘకాలం నొప్పులుండే జబ్బు) అని నిర్ధారించి, డాక్టరు గారు వ్యాయామం చేయమన్నారు. గంటసేపు నడిస్తే మర్నాడు మంచం దిగలేకపోయాను. మందులు కాక వేరే మార్గం ఉందా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: వ్యాయామం మానవద్దు, అయితే గంటతో మొదలుపెట్టవద్దు. ఈ జబ్బులో మెదడు, వెన్నుపాము నొప్పి సంకేతాలను అతిగా పెంచుతాయి కాబట్టి, రక్తపరీక్షలు, ఎక్స్‌రేలు మామూలుగా ఉన్నప్పటికీ మీ బాధ నిజమైనదే (ఈ వాక్యం ఇంట్లోవాళ్లకూ చదివి వినిపించండి). ఐరోపా రుమటాలజీ (కీళ్లు, కండరాల జబ్బుల వైద్యం) సంఘం యూలార్ 2016లో సవరించిన సిఫార్సుల్లో, మందులతో సహా అన్ని చికిత్సల్లోనూ గట్టిగా సమర్థించినది వ్యాయామాన్ని ఒక్కదాన్నే.

మర్నాడు నొప్పి ఎక్కువ కాకుండా ఎంతసేపు నడవగలరో, అది ఐదు నిమిషాలే అయినా, అంతతోనే మొదలుపెట్టి, వారం పది రోజులు నిలకడగా చేశాక ఒకటి రెండు నిమిషాలు పెంచండి. కొంత కుదురుకున్నాక, ఫిజియోథెరపిస్టు పర్యవేక్షణలో కండరాలకు బలమిచ్చే తేలికపాటి వ్యాయామాలు చేర్చవచ్చు.

చాలామందిని దెబ్బతీసేది ఒంట్లో బాగున్న రోజే. ఆ రోజు దుప్పట్లు ఉతికి, ఇల్లు కడిగి, అటక మీది సామాన్లు కూడా దించి, తర్వాత మూడు రోజులు పడుకుంటారు. కూరగాయలు కూర్చునే తరగండి; అలసట రాకముందే పని ఆపండి.

గోరువెచ్చని నీటిలో వ్యాయామం, తాయ్‌చీ (నెమ్మదైన కదలికలతో చేసే చైనా వ్యాయామం), యోగా కొందరికి మేలు చేస్తాయి. నిద్రలేమి, దిగులు ఉంటే కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ (ఆలోచనలు, అలవాట్లు మార్చుకోవడం నేర్పే మానసిక చికిత్స) ఉపయోగపడుతుంది. ఖరీదైన మసాజ్ ప్యాకేజీలకు మాత్రం తొందరపడవద్దు.

వాడుతున్న మందులను సొంతంగా ఆపకండి. కొత్తగా కీళ్లవాపు, జ్వరం, కారణం లేకుండా బరువు తగ్గడం కనిపిస్తే, వాటిని ఈ జబ్బు ఖాతాలో వేయక వెంటనే డాక్టరుకు చూపించుకోండి.