యాసిడ్ తాకేది లోపలి 3 మిల్లీమీటర్లనే

తల్లీ,

చర్లపల్లిలో షెడ్డు తీసుకున్నావని, మొదటి ఆర్డరే హైడ్రోక్లోరిక్ యాసిడ్ పోసే ఫైబర్‌గ్లాస్ ట్యాంకని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. చెబుతున్నప్పుడు దాని గొంతులో సగం సంబరం, సగం దిగులు. నా పరిస్థితీ అంతే. మన ఇంటి పిల్ల రెజిన్ (గాజుపోగుల్ని పట్టి గట్టిపడే జిగురు) డ్రమ్ముల మధ్య నిలబడి నలుగురితో పని చేయిస్తుందంటే గుండె నిండిపోయింది. రాత్రి మాత్రం కన్ను మూతపడలేదు. నీళ్ల ట్యాంకు కారితే నేల తడుస్తుంది, అంతే. యాసిడ్ ట్యాంకు చీలితే పక్కనున్న మనిషి గతేమిటి? అందుకే కాగితం తీశాను.

తెలిసిన సంగతులు ముందు చెప్పేస్తాను. అచ్చుకి మైనం బాగా పట్టించి, ఆపైన ట్యాంకు అంటుకోకుండా పీవీఏ పూత పూసి ఆరనివ్వండి. మ్యాట్ (తరిగిన గాజుపోగుల చాప) చుట్టలు నేలకు తగలకుండా చెక్కల మీద పెట్టండి, వానాకాలంలో కవరు విప్పిన చుట్టని అదే రోజు వాడేయండి. తడి పట్టిన మ్యాట్ రెజిన్‌ని సరిగ్గా పీల్చదు, తెల్లతెల్లగా పాలమరకలా మిగిలిపోతుంది. పౌడర్ బైండర్ (మ్యాట్ పోగుల్ని కలిపి పట్టే పొడి) ఉన్న మ్యాటే కొను, ఎమల్షన్ బైండర్ వద్దు. రోలర్‌తో ప్రతి పొరలోనూ గాలి బయటికి పోయేదాకా నొక్కించు.

ఇక భయాలు. రెజిన్‌ని గట్టిపరిచే రెండు ద్రవాలు, కోబాల్ట్ యాక్సిలరేటర్, ఎంఈకేపీ కెటలిస్ట్, ఒకదానితో ఒకటి నేరుగా కలవకూడదు. కలిస్తే పేలుతుంది. ఊదారంగు యాక్సిలరేటర్ సీసా ఒక గోడకి, నీళ్లలా ఉండే కెటలిస్ట్ సీసా ఎదుటి గోడకి పెట్టించు. కొలిచే కప్పులు కూడా వేరువేరుగా ఉండాలి. ముందు యాక్సిలరేటర్ రెజిన్‌లో పూర్తిగా కలిశాకే కెటలిస్ట్ పోయాలి. ఆ కెటలిస్ట్ చుక్క కంట్లో పడితే చూపే పోవచ్చు. కళ్లద్దాలు లేనివాడిని ఆ సీసా ముట్టనివ్వకు. అయినా పడితే 15 నిమిషాలు ఆపకుండా నీళ్లతో కడిగి, అక్కడినుంచి నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. నీళ్ల కొళాయి పని చేసే చోటికి పది అడుగుల్లోనే ఉండాలి.

రెజిన్‌లోంచి వచ్చే స్టైరీన్ వాసన రెండు రోజుల్లో అలవాటైపోయిందని అన్నావట. అలా అలవాటవడమే నాకు భయం. ముక్కు పసిగట్టడం మానేస్తుంది, ఊపిరితిత్తుల్లోకి పోవడం మానదు. గుడ్డ మాస్కు దీనికి పనికిరాదు, ఆర్గానిక్ వేపర్ కార్ట్రిడ్జ్ ఉన్నదే కావాలి. ఆ ఆవిరి గాలికంటే బరువు కాబట్టి ఎగ్జాస్ట్ ఫ్యాను పైన కాదు, నేలకు దగ్గరగా పెట్టించు. స్టైరీన్ ఫ్లాష్ పాయింట్, అంటే నిప్పు తగిలితే ఆవిరి అంటుకునే వేడి, 31 డిగ్రీలు. మన హైదరాబాద్ మే నెల మధ్యాహ్నం రేకుల షెడ్డులో ఎంతుంటుందో నేను చెప్పక్కర్లేదు. వెల్డింగ్ గానీ బీడీ గానీ ఆ కప్పు కింద కనబడకూడదు. ఎండాకాలం లేయరింగ్ పని తెల్లవారుజామున పెట్టుకో. 25 డిగ్రీల దగ్గర 20 నిమిషాలకు జెల్ అయ్యే రెజిన్ 35 దగ్గర సుమారు 10 నిమిషాలకే గడ్డకడుతుంది. అలాగని మేస్త్రీ కెటలిస్ట్ తగ్గిస్తానంటే ఒప్పుకోకు. 1 శాతం కన్నా దిగితే క్యూరింగ్ (రెజిన్ పూర్తిగా గట్టిపడడం) సగంలోనే ఆగిపోతుంది. తగ్గిస్తే యాక్సిలరేటర్ తగ్గించాలి. బకెట్‌లో మిగిలిన రెజిన్ పొగలు కక్కుతుంది, అంటుకుంటుంది కూడా. దాన్ని ఆరుబయట వెడల్పాటి రేకు మీద పలచగా పోయించు.

"అగ్ని-5 క్షిపణి రెండో దశ, మూడో దశ మోటార్లే పోగు, రెజిన్ కలిపిన కాంపోజిట్‌తో చేస్తున్నారు, అదీ మన ఊళ్లోనే, ట్యాంకెంత?" అన్నావని విన్నాను. ఆ ధైర్యం నాకు నచ్చింది. కానీ అక్కడ యంత్రం లెక్కప్రకారం పోగు చుడుతుంది, ఓవెన్‌లో క్యూర్ చేస్తారు. నీ దగ్గర ఉన్నవి బ్రష్షు, రోలరు, మేస్త్రీ చెయ్యి. అందుకే నీ లెక్క వేరుగా ఉండాలి.

ఆ లెక్క చూడు. వ్యాసం 2 మీటర్లు, ఎత్తు 3 మీటర్లు, 30 శాతం హైడ్రోక్లోరిక్, సాంద్రత 1.15. అడుగున పీడనం సుమారు 34 కిలోపాస్కల్స్. వ్యాసార్ధం 1 మీటరు కాబట్టి గోడ చుట్టూ లాగే బలం మిల్లీమీటరుకు 34 న్యూటన్లు. 450 గ్రాముల మ్యాట్ ఒక పొర, 30 శాతం గాజుతో వేస్తే సుమారు 1 మిల్లీమీటరు వస్తుంది. చదరపు మీటరుకు కిలో పైచిలుకు రెజిన్ పడుతుంది. అలాంటి గోడ బలం 90 మెగాపాస్కల్స్ అనుకో, మాడ్యులస్ (సాగకుండా నిలిచే బిగువు) 7 గిగాపాస్కల్స్. 10 రెట్ల భద్రత పెడితే దాదాపు 4 మిల్లీమీటర్లు చాలు. నువ్వు 5 మిల్లీమీటర్లు వెయ్యి. అప్పుడు సాగుదల 0.1 శాతం లోపే ఉంటుంది. మ్యాట్ లామినేట్ (రెజిన్‌తో అతికిన పొరల గోడ) తెగేది 1.5 శాతం పైన అయినా, రెజిన్‌లో కంటికి కనబడని సన్న పగుళ్లు 0.3 శాతం దగ్గరే మొదలవుతాయి. యాసిడ్‌కి ఆ పగుళ్లే దారి.

10 రెట్లు ఎందుకంటావేమో. రోజుకొకసారి నింపి ఖాళీ చేస్తే 15 ఏళ్లలో 5,500 సార్లు. లోడు పడే సార్లు పదింతలైనప్పుడల్లా గాజు లామినేట్ తన మొదటి బలంలో సుమారు 10 శాతం పోగొట్టుకుంటుంది. ఆ లెక్కన మూడో వంతుకు పైగా ఫెటీగ్‌కే (పదేపదే లోడు పడి అలిసిపోవడానికే) పోయింది. ఏళ్ల తరబడి మోసే బరువుకి కొంత, వేడికి కొంత, చెమ్మకి కొంత. అన్నీ పోగా మిగిలిందే నీ భద్రత.

ఇక నన్ను నిద్రపోనివ్వని తప్పు. ఇది ఓపిగ్గా చదువు.

ఇదివరకు నేను లెక్క చూసిన ఒక యాసిడ్ ట్యాంకు ఉంది. ఆ ట్యాంకుకీ గోడ మందం సరిపోయింది. లెక్కలు నేనే చూశాను, అంచులు చూడలేదు. అడుగున అవుట్‌లెట్ నాజిల్ (యాసిడ్ బయటికి వచ్చే గొట్టం) కోసం గోడకి రంధ్రం కోశారు. కోసినచోట తెగిన గాజుపోగుల కొసలు తెల్లగా కనబడుతూనే ఉన్నాయి. వాటికి రెజిన్ పట్టించకుండా, లోపలివైపు టిష్యూ మ్యాట్ (పలచటి పోగుల పొర) వేయకుండా, నాజిల్ పెట్టి బయటినుంచి మాత్రం నాలుగు పొరలు వేసి మూసేశారు. నీళ్లు నింపి చూస్తే చుక్క కారలేదు. యాసిడ్ నింపాక కూడా నెలల తరబడి బాగానే ఉంది. ఒకరోజు నాజిల్ దగ్గర మొదలై నిలువునా చీలింది. చుట్టూ గట్టు గోడ ఉండబట్టి, ఆ వేళ పక్కన ఎవరూ లేకపోబట్టి మనుషులు మిగిలారు.

ఆ చీలిక అంచుని నువ్వు చూసి ఉండాల్సింది. మామూలుగా లామినేట్‌ని లాగి తెంపితే పోగులు చీపురు కొసల్లా బయటికి వేలాడతాయి. ఇక్కడ ఒక్క పోగు బయటికి రాలేదు. కత్తితో కోసినంత నునుపుగా ఉంది. మామూలు మ్యాట్‌లో ఉండే ఈ-గ్లాస్ అనే గాజులో కాల్షియం, అల్యూమినియం ఉంటాయి. యాసిడ్ ఆ పోగు పైపొరలోంచి వాటిని లాగేసుకుని హైడ్రోజన్ అయాన్లని కూర్చోబెడుతుంది. పైపొర కుంచించుకుపోతుంది, లోపలి గాజు కుంచించుకోదు. దాంతో పైపొరలో లాగుడు పుట్టి పగుళ్లు వస్తాయి. దానికి ట్యాంకులోని యాసిడ్ బరువు లాగే లాగుడు తోడవుతుంది. ఒక పోగు తెగితే దాని బరువు పక్కపోగు మీద, అది తెగితే ఆ పక్కదాని మీద. దీన్నే స్ట్రెస్ కరోజన్ అంటారు. కొత్త గోడకున్న బలం దీన్ని ఆపలేదు. యాసిడ్‌ని పోగు దాకా రానివ్వకపోవడం ఒక్కటే ఆపుతుంది. నీళ్లు కలిపి పలచన చేసిన యాసిడ్ కదా అని కూడా ఊరుకోకు. పోగుకి అదీ శత్రువే.

కాబట్టి నీ ట్యాంకు ప్రాణం లోపలివైపు 3 మిల్లీమీటర్లలో ఉంది. అచ్చుని ఆనుకుని, యాసిడ్‌ని తట్టుకునే సీ-గ్లాస్ టిష్యూ. 30 శాతం హైడ్రోక్లోరిక్ కనుక రెండు పొరలు వెయ్యి. అక్కడ 90 శాతం రెజినే ఉండాలి. దాని వెనక 450 మ్యాట్ రెండు మూడు పొరలు, రెజిన్ 70 నుంచి 75 శాతం. ఆ తర్వాతే బలం మోసే పొరలు. ఈ 3 మిల్లీమీటర్లని బలం లెక్కలో కలపకు. రోవింగ్‌ని (పొడవాటి గాజుపోగుల అల్లికని) లోపలిదాకా రానివ్వకు, దాని పోగుల వెంట యాసిడ్ ఒత్తిలో నూనెలా పాకుతుంది. రెజిన్ వినైల్ ఎస్టర్, మ్యాట్ వీలైతే బోరాన్ లేని ఈసీఆర్ గ్లాస్. డబ్బు సరిపోకపోతే నాకు చెప్పు, ఇక్కడ మాత్రం తగ్గించకు. కోసిన ప్రతి అంచూ, మ్యాన్‌హోల్‌దైనా చిన్న డ్రెయిన్‌దైనా, టిష్యూతో మూసి రెజిన్ పూసి ఆరాకే బిగించాలి. అడుగు, గోడ కలిసే మూల పదునుగా ఉండకూడదు, కనీసం 38 మిల్లీమీటర్ల వంపు ఇవ్వు.

రేపు ఎవరైనా కాస్టిక్ సోడా ట్యాంకు అడిగితే ఈ సీ-గ్లాస్ టిష్యూ పనికిరాదు. కాస్టిక్ గాజునే తినేస్తుంది, అక్కడ సింథటిక్ టిష్యూ వాడాలి. అప్పుడు విడిగా మాట్లాడదాం.

వినైల్ ఎస్టర్‌లో మామూలు ఎంఈకేపీ నురగ లేపుతుంది, ఆ బుడగలు లోపలి పొరలో చిక్కుకుంటాయి. రెజిన్ కంపెనీ చెప్పిన కెటలిస్టే తెప్పించు. డ్రమ్ము మీద తయారీ తేదీ చూసి తీసుకో, ఎండలో నిలవ ఉంచితే లోపలే గడ్డకడుతుంది.

చేత్తో ముట్టుకుంటే గట్టిగా ఉందని ట్యాంకు పంపించేయకు. షెడ్డు వేడిలో గట్టిపడిన రెజిన్‌లో అణువులు కదలలేక మధ్యలోనే ఆగిపోతాయి, మిగిలిన స్టైరీన్ లోపలే ఉండిపోతుంది. ఒకరోజు ఆగి, 80 డిగ్రీల వేడిగాలి 4 గంటలు పట్టించు. ఎండలో పెట్టడం దీనికి బదులు కాదు. తర్వాత అసిటోన్ ముంచిన గుడ్డతో లోపల రుద్ది చూడు. జిగురు తగిలితే క్యూర్ కాలేదన్నట్టే. గట్టిదనం కొలిచే బార్కోల్ మీటరు కొను. రెజిన్ కంపెనీ ఇచ్చిన అంకెలో 90 శాతం కన్నా తక్కువ చూపిస్తే మళ్లీ వేడి పట్టించు. బయటి ఆఖరి పూతలో మైనం కలపాలి. గాలి తగిలిన పైపొరని ఆక్సిజన్ క్యూర్ కానివ్వదు.

అంతా అయ్యాక నీళ్లతో నింపి 24 గంటలు ఉంచు. ఖాళీ చేశాక గోడంతా రూపాయి బిళ్లతో తట్టుకుంటూ పో, డొల్లగా పలికినచోట పొరలు విడిపోయి ఉంటాయి. ట్యాంకు కూర్చోబెట్టే దిమ్మె మీద ఒక్క గులకరాయి కూడా ఉండకూడదు. గాలిగొట్టం నింపే గొట్టం కన్నా సన్నగా ఉండకూడదు. ట్యాంకర్ వాళ్లు కంప్రెసర్‌తో గెంటితే ఆఖర్న వచ్చే గాలి పైకప్పుని లేపేస్తుంది.

మ్యాన్‌హోల్ కోసిన గుండ్రటి ముక్క మేస్త్రీలు కూర్చోవడానికి పట్టుకెళ్తారు, ఇవ్వకు. అందులో సగం సీపెట్‌కి (ప్లాస్టిక్‌లని పరీక్షించే కేంద్ర సంస్థకి) పట్టుకెళ్లు, నీ షెడ్డుకి దగ్గరే. తన్యతా, వంపు బలం పరీక్షలు చేయించు, 565 డిగ్రీల దగ్గర కాల్చి గాజెంతో తూయించు. బలం మోసే మ్యాట్ పొరల్లోంచి 10 గ్రాములు కాలిస్తే 3 గ్రాములకు అటూఇటూగా గాజు మిగలాలి. 4 మిగిలితే రెజిన్ చాలలేదు, 2 మిగిలితే మ్యాట్ మింగేశారు. మిగతా సగం నాకు తీసుకురా. ఆదివారం భోజనానికి వచ్చేటప్పుడు సంచిలో వేసుకొస్తే చాలు, లోపలి అంచు భూతద్దంతో చూసి చెబుతాను. మీ అత్తయ్య గోంగూర పచ్చడి నూరి ఉంచుతానంది.

నీ
మామయ్య