టెక్ సందేహాలు: మంగలి కత్తిని కంప్యూటర్‌లో గీయాలంటే...

ప్రశ్న: సొంత డిజైన్‌తో మంగలి కత్తి చేయించుకోవాలని ఉంది. బొమ్మలు గీసే ఇంక్‌స్కేప్ సాఫ్ట్‌వేర్ కొంచెం వచ్చు. అది సరిపోతుందా? కొలతలు ఎక్కడ మొదలుపెట్టాలి?
– ఒక పాఠకుడు, హనుమకొండ

బ్లేడు ఆకారం గీయడానికి ఇంక్‌స్కేప్ చాలు, పైగా ఉచితం. కాకపోతే చాలామంది ముక్కు ఎలా ఉండాలి, తోక ఎంత వంపు తిరగాలి అని అక్కడే కూర్చుండిపోతారు. ముందు తేల్చుకోవాల్సినవి బ్లేడు వెడల్పు, వెన్ను (అంచుకు ఎదురుగా ఉండే మందపాటి వైపు) మందం. వంటింటి కత్తిని సాన పట్టేటప్పుడు కోణం మన చేతిలో ఉంటుంది. మంగలి కత్తిని మాత్రం రాయి మీద పూర్తిగా పడుకోబెట్టి రుద్దుతారు. వెన్నూ అంచూ రెండూ రాయిని తాకుతాయి. అంటే పదును కోణాన్ని వెన్నే నిర్ణయిస్తుంది. డ్రాయింగులో అది తప్పితే, తర్వాత ఎంత ఖరీదైన రాయి కొన్నా లాభం లేదు.

లెక్క తేలికే. వెన్ను మందంలో సగాన్ని, అంచు నుంచి వెన్ను రాయిని తాకే చోటు దాకా ఉన్న దూరంతో భాగించండి. దాని సైన్ ఇన్వర్స్ కనుక్కుని రెట్టింపు చేయండి. 15 నుంచి 20 డిగ్రీల మధ్య వస్తే మంచిది. ఈ కత్తుల వెడల్పును అంగుళంలో ఎనిమిదో వంతుల్లో చెబుతారు. 6/8 అంటే సుమారు 19 మిల్లీమీటర్లు. వెన్ను గుండ్రంగా ఉంటుంది కాబట్టి రాయిని తాకేది కొంచెం కింద, 17 మిల్లీమీటర్ల దగ్గర అనుకుందాం. మందం 5.5 అయితే కోణం 18.6 డిగ్రీలు. అదే 4 మిల్లీమీటర్లు పెడితే 13.5కి పడిపోతుంది, అంచు త్వరగా పెచ్చులూడుతుంది. 7 పెడితే దాదాపు 24, వెంట్రుకను కోయకుండా లాగుతుంది. మొత్తం వెడల్పు 19నే లెక్కలో వేస్తే కోణం అసలు కంటే తక్కువగా కనిపిస్తుంది, అక్కడ జాగ్రత్త. ఎక్సెల్‌లో చేసేవాళ్లు ఇంకోటి గుర్తుంచుకోండి: సైన్ ఇన్వర్స్ జవాబు రేడియన్లలో వస్తుంది, డిగ్రీల్లోకి మార్చుకోవాలి.

ఈ ఏర్పాటులో నాకు బాగా నచ్చే సంగతి ఒకటుంది. సాన పట్టిన ప్రతిసారీ అంచుతోపాటు వెన్ను కూడా కాస్త అరుగుతుంది. అందుకే ఏళ్ల తరబడి వాడినా కోణం పెద్దగా మారదు.

బ్లేడు పిడిలోకి సరిగ్గా ముడుచుకుంటుందో లేదో కూడా ఇంక్‌స్కేప్‌లోనే చూసుకోవచ్చు. బ్లేడు బొమ్మ మీద ఒకసారి క్లిక్ చేసి, కాస్త ఆగి మళ్లీ క్లిక్ చేస్తే తిప్పే బాణాలతోపాటు మధ్యలో చిన్న ప్లస్ గుర్తు వస్తుంది. దాన్ని లాక్కెళ్లి, బ్లేడును పిడికి కలిపే పిన్ను రంధ్రం మధ్యలో పెట్టి, బ్లేడును తిప్పండి. మూసినప్పుడు అంచు పిడి చివరనున్న చీలను తాకకూడదు. తాకిందంటే మూసిన ప్రతిసారీ పదును పోయినట్టే.

బ్లేడు పక్కల పల్లంగా అరగదీసే హాలో గ్రైండ్‌ను త్రీడీలో చూడాలనుకుంటే ఫ్రీక్యాడ్ అనే త్రీడీ డిజైన్ సాఫ్ట్‌వేర్‌కు వెళ్లండి. వెడల్పు, మందం, అరగదీసే చక్రం వ్యాసం దాని స్ప్రెడ్‌షీట్‌లో రాసి డ్రాయింగుకు కలిపితే, ఒక అంకె మార్చగానే బ్లేడంతా మారుతుంది.

ప్రశ్న: లేజర్ కటింగ్ షాపుకు డీఎక్స్‌ఎఫ్ (కటింగ్ మెషీన్లు చదివే డ్రాయింగు) ఫైలు ఇస్తే బొమ్మ పాతిక రెట్లు పెద్దగా వచ్చిందన్నారు. తప్పెక్కడ?
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

సరిగ్గా చెప్పాలంటే 25.4 రెట్లు. మీరు మిల్లీమీటర్లలో గీశారు, వాళ్ల సాఫ్ట్‌వేర్ అంగుళాలుగా చదివింది. ఇంక్‌స్కేప్‌లో డీఎక్స్‌ఎఫ్‌గా సేవ్ చేసేటప్పుడు బేస్ యూనిట్ దగ్గర మిల్లీమీటర్లు ఎంచుకోండి. బ్లేడు పక్కన సరిగ్గా 100 మిల్లీమీటర్ల గీత ఒకటి గీసి, ముందు దాన్ని కొలవమని షాపువాళ్లకు చెప్పండి. కాగితం మీద ప్రింటు తీసినా అంతే. ‘ఫిట్ టు పేజ్’ తీసేసి 100 శాతం పెట్టి, స్కేలుతో ఆ గీత కొలిచాకే కత్తిరించండి.

లేజర్ వేడికి కార్బన్ ఉక్కు అంచులు గట్టిపడతాయి, తర్వాత డ్రిల్లు దిగదు. అందుకని చుట్టూ ఒక మిల్లీమీటరు అదనంగా వదలండి, గట్టిపడిన ఆ భాగాన్ని తర్వాత అరగదీసేయొచ్చు. పిన్ను రంధ్రాన్ని లేజర్‌తో కోయించకుండా గుర్తు మాత్రం పెట్టించి, డ్రిల్లింగ్ మెషీన్‌తో వేయించండి. అది కూడా హీట్ ట్రీట్‌మెంట్‌కు (ఉక్కును వేడిచేసి, చల్లార్చి గట్టిపరచడానికి) ముందే.

ప్రశ్న: మనకు దొరికే ఉక్కులో ఏది మంచిది? ‘డమాస్కస్’ బ్లేడు తీసుకోవచ్చా?
– ఒక పాఠకుడు, నిజామాబాద్

ఈఎన్31 అడగండి. బేరింగులకు వాడే ఉక్కు ఇది, అంతర్జాతీయంగా 52100 అంటారు. దాదాపు ఒక శాతం కార్బన్, ఒకటిన్నర శాతం క్రోమియం ఉంటాయి. హీట్ ట్రీట్‌మెంట్ షాపుకు నోటిమాటగా చెప్పి వదిలేయొద్దు, కాగితం మీద రాసివ్వండి: సుమారు 830 డిగ్రీల సెల్సియస్ వేడి, నూనెలో చల్లార్చడం, వెంటనే 200 డిగ్రీల లోపు టెంపరింగ్ (పెళుసుదనం తగ్గడానికి మళ్లీ వేడిచేయడం), గట్టిదనం 60 నుంచి 62 హెచ్‌ఆర్‌సీ (రాక్‌వెల్ కొలమానం). అప్పటికి అంచును మరీ పల్చగా చేయొద్దు, వంకర పోతుంది. తర్వాత గ్రైండ్ చేసేటప్పుడు మాటిమాటికీ నీళ్లలో ముంచుతుండాలి. అంచు నీలిరంగుకు తిరిగిందంటే ఆ చోట గట్టిదనం పోయిందని అర్థం.

ఇప్పుడు డమాస్కస్ పేరుతో అమ్మేది ఎక్కువగా రెండు రకాల ఉక్కును పొరలుగా అతికించింది. మంచి పనివాడు చేస్తే అదీ బాగుంటుంది. పాత డమాస్కస్ కత్తుల ఉక్కు వేరు. మూసల్లో కరిగించి తీసిన ఆ ఉక్కు మీ జిల్లా కోనసముద్రంలో కూడా తయారయ్యేది. శాస్త్రవేత్త మైకేల్ ఫారడే కూడా 1820 ప్రాంతంలో లండన్ కత్తుల తయారీదారు జేమ్స్ స్టోడార్ట్‌తో కలిసి ఈ రకం ఉక్కు మీద ప్రయోగాలు చేశాడు. తన మిశ్రమాలతో చేసిన రేజర్లను స్నేహితులకు కానుకగా ఇచ్చాడు. మన దేశంలో పుట్టిన ఉక్కు అంత దూరం వెళ్లిందంటే నాకు ఇప్పటికీ గర్వంగా ఉంటుంది.

ప్రశ్న: పిడిని త్రీడీ ప్రింటర్‌తో చేసుకోవచ్చా?
– ఒక పాఠకుడు, డాలస్

నమూనాకు తప్పకుండా చేసుకోండి. కొలత తప్పితే మార్చి మళ్లీ ప్రింటు తీయడానికి ఖర్చు తక్కువ. రోజూ వాడే కత్తికి మాత్రం పీఎల్ఏ (త్రీడీ ప్రింటర్లలో ఎక్కువగా వాడే ప్లాస్టిక్) పిడి వద్దు. 60 డిగ్రీల వేడికే అది మెత్తబడుతుంది, మీ ఎండల్లో కారులో వదిలేస్తే వంగిపోతుంది. కొమ్ము, యాక్రిలిక్, గట్టి చెక్కల్లో ఏదైనా సరే, నమూనాలో బ్లేడు సరిగ్గా ముడుచుకున్నాకే కోయించండి.