ఫ్లీస్ దుప్పటి అంచులు కుట్టాలా, అలాగే వదిలేయొచ్చా?

నాలుగేళ్ల పాపకి ఇంట్లోనే ఫ్లీస్ దుప్పటి చేస్తున్నారు, అంచులకు ఏం చేయాలని అడిగారు. ఏమీ చేయకపోయినా పాడవదు. ఫ్లీస్ మగ్గం మీద నేసింది కాదు, పాలిస్టర్ దారంతో అల్లిన బట్ట. అందుకే కత్తిరించిన చోట పోగులు ఊడిరావు. అయితే రెండు పక్కలా ఉండే బిగుతైన పట్టీని ముందే కత్తిరించి తీసేయండి. లేకపోతే అంచు ముడతలు పడుతుంది.

నన్నడిగితే చేత్తో వేసే బ్లాంకెట్ స్టిచ్‌కి (అంచు వెంబడి దారం చుట్టుకుంటూ వెళ్లే కుట్టు) మించింది లేదు. ఎంబ్రాయిడరీ దారం ఆరు పోగులూ కలిపి సూదికి ఎక్కించండి. అంచు నుంచి సెంటీమీటరు లోపల గుచ్చి, సూది బయటికి వచ్చేటప్పుడు దారం దాని కింద ఉండేలా చూసి లాగండి. ప్రతి కుట్టుకీ మధ్య మళ్లీ సెంటీమీటరు ఎడం. మూల దగ్గర ఒకే రంధ్రంలోంచి మూడు కుట్లు వేయండి: ఒకటి ఇటు, ఒకటి ఐమూలగా, ఒకటి అటు. మూల చక్కగా కూర్చుంటుంది. దారం గట్టిగా బిగించొద్దు, బట్ట కుచ్చుపడుతుంది.

మిషన్ మీదైతే అంచును ఒక్కసారే మడవండి, రెండు మడతలైతే మరీ మందం. బాల్ పాయింట్ సూది (మొన గుండ్రంగా ఉండేది) పెట్టి, మూడు నాలుగు మిల్లీమీటర్ల పొడవు జిగ్‌జాగ్ వేయండి. బట్టను వెనక నుంచి లాగితే అంచు అలలు తేలుతుంది, దాని మానాన దాన్ని కదలనివ్వండి. మిషన్ లేకపోతే దగ్గర్లోని టైలర్‌తో ఓవర్‌లాక్ (అంచు చుట్టూ దారం అల్లుకునే మిషన్ కుట్టు) చేయించండి.

వేడి ఇస్త్రీ మాత్రం వద్దు, నూగు కరిగి అతుక్కుపోతుంది.