పోకర్ టోర్నమెంట్ల బతుకు: మీ ప్రశ్నలు, మా జవాబులు

పోయిన సంచికలో పోకర్ టోర్నమెంట్లనే వృత్తిగా పెట్టుకున్నవాళ్ల గురించి రాశాక ఉత్తరాలు బాగానే వచ్చాయి. అందులో సగం ఆటగాళ్లవి, సగం వాళ్ల ఇంట్లోవాళ్లవి. అన్నింటికీ జవాబు రాయడం కుదరదు. ఎక్కువమందికి పనికొచ్చేవి తీసుకున్నాను.

ప్రశ్న: మా అబ్బాయికి 29 ఏళ్లు. బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మానేసి ఏడాదిన్నరగా పోకర్ టోర్నమెంట్లే ఆడుతున్నాడు, అందుకోసం గోవా వెళ్తుంటాడు. ఒకసారి 11 లక్షలు వచ్చాయని ఫొటో పంపాడు. ఇప్పుడు అయిదు నెలలుగా ఏమీ రాలేదట. అడిగితే "ఇందులో ఇది మామూలేనమ్మా" అంటాడు. వాడి మాట నమ్మాలా, జూదానికి అలవాటు పడ్డాడనుకోవాలా? (ఒక తల్లి, గుంటూరు)

అమ్మా, మీ అబ్బాయి చెప్పిన మాట నిజమే, అందులో అబద్ధం లేదు. కానీ జూదానికి అలవాటు పడినవాడు కూడా అచ్చంగా ఇదే మాట చెప్తాడు, మీకొచ్చిన చిక్కు అదే.

టోర్నమెంటులో డబ్బు ఎలా పంచుతారో ముందు చెప్తాను. వెయ్యిమంది తలా 10 వేలు కట్టారనుకోండి. నిర్వాహకుల వాటా పోగా దాదాపు 90 లక్షలు మిగులుతుంది. ఆ డబ్బు సుమారు 150 మందికే వస్తుంది, మిగతా 850 మంది వట్టి చేతులతో లేస్తారు. ఆ 150 మందిలో కూడా చాలామందికి కట్టినదానికి రెట్టింపు లోపే. సగం డబ్బు దాకా చివరి టేబుల్ మీద మిగిలిన తొమ్మిదిమందికే పోతుంది. అంటే బాగా ఆడేవాడు కూడా అయిదింట నాలుగుసార్లు ఓడిపోయి, ఎప్పుడో ఒకసారి వచ్చే పెద్ద మొత్తంతో ఆ లోటంతా పూడ్చుకోవాలి. జీతం అలవాటైన ఇంట్లో ఇది అర్థం కావడం చాలా కష్టం, మీ తప్పేమీ లేదు.

ప్రపంచంలో పేరున్న ఆటగాళ్లకూ ఇది తప్పదు. కెనడాకు చెందిన డేనియల్ నెగ్రానూ తన ఏడాది లెక్కలు తనే బయటపెడుతుంటాడు. 2017లో ఆయనకు ప్రైజుల రూపంలో 28 లక్షల డాలర్ల దాకా వచ్చింది. ఎంట్రీ ఫీజులు తీసేసి చూస్తే 86 వేల డాలర్లు నష్టం! ప్రయాణాలు, హోటళ్లు ఇంకా వేరే. ఇంటర్నెట్‌లో ఆటగాళ్ల పేరు కొడితే కనిపించేదంతా వచ్చిన డబ్బే, కట్టిన డబ్బు అక్కడ ఉండదు. మీ అబ్బాయి పంపిన ఫొటో కూడా అలాంటిదే.

అందుకని "గెలిచావా, ఓడావా" అని అడగకండి. లెక్కల పుస్తకం చూపించమనండి. సీరియస్‌గా ఆడేవాడి దగ్గర ప్రతి టోర్నమెంటుకూ తేదీ, కట్టింది, వచ్చింది, విమానం టికెట్టు, గది అద్దె అన్నీ రాసి ఉంటాయి, ఫోన్లో అయినా సరే. అడగగానే చూపిస్తే నాకు సగం ధైర్యం. "నా మీద నమ్మకం లేదా" అని కోపం తెచ్చుకుంటే మాత్రం ఆలోచించాలి.

వాణ్ణి మీరు అడగాల్సిన రెండో ప్రశ్న ఇంకా ముఖ్యం, ఇది చాలామంది తల్లిదండ్రులకు తట్టదు. టోర్నమెంటు నుంచి అవుటైన రాత్రి ఏం చేస్తాడని అడగండి. గోవాలో పోకర్ ఆడే కేసినోలోనే, నాలుగు అడుగుల దూరంలో, అందర్ బాహర్, తీన్ పత్తీ, రూలెట్, బకరా టేబుళ్లు ఉంటాయి. అక్కడ ఎంత తెలివైనవాడైనా లెక్క ప్రకారం కేసినోకే లాభం. పది గంటలు ఓపికగా, ఎంతో నేర్పుగా పోకర్ ఆడినవాడు అవుటైన కసితో ఆ టేబుళ్ల దగ్గర కూర్చుని, నెల రోజుల ఫీజుల డబ్బు గంటలో పోగొట్టుకున్న కథలు ఆటగాళ్లందరికీ తెలుసు. నా అభిప్రాయంలో టోర్నమెంట్లలో ఓడి చెడినవాళ్లకన్నా ఇలా చెడినవాళ్లే ఎక్కువ. గదికెళ్లి పడుకుంటాడా, అక్కడ తేలతాడా అన్నదే తేడా.

క్రెడిట్ కార్డు మీదో, లోన్ యాప్ నుంచో అప్పు తెచ్చి ఆడుతున్నాడని తెలిస్తే ఇంక చర్చ అక్కర్లేదు. ఇంకా బెంగళూరులోనే ఉంటే అక్కడి నిమ్హాన్స్ మానసిక వైద్యశాలలో చూపించవచ్చు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కు మీరే ఫోన్ చేసి మాట్లాడవచ్చు, తెలుగులో మాట్లాడేవాళ్లు దొరుకుతారు. తిట్టి పంపకండి. ఓడినవాడు ఇంట్లో చెప్పుకోలేకపోతే ఆ లోటు ఇంకో పందెంతో పూడ్చాలని చూస్తాడు.

ప్రశ్న: ఏడు నెలలుగా ఒక్క ఫైనల్ టేబుల్ కూడా లేదు. ఆసులు రెండు పట్టుకుని ఆల్-ఇన్ వెళ్తే, అంటే ఉన్నదంతా ఒకేసారి పందెం పెడితే, రాజులు పట్టుకున్నవాడు గెలుస్తున్నాడు. నా ఆట బాగాలేదా, అదృష్టం బాగాలేదా? వచ్చే వేసవిలో లాస్ వెగాస్ వెళ్దామనుకుంటున్నాను. (26 ఏళ్ల పాఠకుడు, హైదరాబాద్)

తమ్ముడూ, రెండు ఆసులకు ఎదురుగా రెండు రాజులు ఉంటే నువ్వు గెలిచేది నూటికి 82 సార్లు. అంటే అయిదింట దాదాపు ఒకసారి ఓడాల్సిందే. పెద్ద టోర్నమెంటులో చివరిదాకా రావాలంటే ఇలాంటి ఆల్-ఇన్‌లు నాలుగైదు గెలవాలి. అయిదుకు అయిదూ నిలబడే అవకాశం 37 శాతమే, అదీ ప్రతిసారీ నీ చేతిలో ఆసులే ఉంటే!

ఇంకో లెక్క చూడు. వెయ్యిమంది ఆడేచోట నువ్వు మామూలు ఆటగాడికన్నా రెట్టింపు మంచివాడివి అనుకుందాం, అంటే ఫైనల్ టేబుల్‌కి వచ్చే అవకాశం దాదాపు 1.8 శాతం. అలాంటి టోర్నమెంట్లు నూరు ఆడినా ఒక్క ఫైనల్ టేబుల్ కూడా రాకపోయే అవకాశం ఆరింట ఒకటి. 500 ఆడి ఒక్కటి కూడా గెలవకపోయే అవకాశం మూడింట ఒక వంతుకన్నా ఎక్కువ. ఏడు నెలల్లో నువ్వు ఎన్ని ఆడగలవు? ఇంతకుముందు మన దేశంలో ఆన్‌లైన్‌లో ఆడేవాళ్లు ఏడాదికి వేలల్లో ఆడేవాళ్లు కాబట్టి తమ ఆట ఏపాటిదో త్వరగా తెలిసేది. 2025 ఆగస్టులో కేంద్రం తెచ్చిన చట్టంతో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నీ నిషేధంలోకి వెళ్లాయి, నైపుణ్యం ఉన్నా లేకపోయినా. ఇప్పుడు కేసినోకి వెళ్లి కూర్చుని ఆడటమే మిగిలింది, దాంతో ఏడు నెలల ఫలితం నీ ఆట గురించి దాదాపు ఏమీ చెప్పదు. బాగా ఆడుతున్నావనీ చెప్పదు, అది కూడా గుర్తుపెట్టుకో. కొందరు ఈ లెక్క అడ్డం పెట్టుకుని ఏళ్ల తరబడి తమ తప్పులు చూసుకోరు.

తేల్చుకోవాలంటే నీకన్నా బాగా ఆడేవాళ్లు ఇద్దరిని పట్టుకో. ఆసులు పట్టుకుని నువ్వు ఓడిన ఆటలు వాళ్లకు చెప్పకు, అవి ఎవరైనా అలాగే ఆడతారు, వాటిలో నేర్చుకునేదేమీ లేదు. మధ్యలో చిన్న చిన్న పందేల కోసం ఎలా ఆడావో చెప్పు. బ్లైండ్స్ (వంతులవారీగా తప్పనిసరిగా పెట్టాల్సిన పందేలు) పెరిగాక ఎప్పుడు ముడుచుకుని కూర్చున్నావు, బ్లఫ్ చేయాల్సినచోట ఎందుకు వెనక్కి తగ్గావు, డబ్బు వచ్చే గీత దగ్గర పడ్డప్పుడు భయపడ్డావా అన్నవి చెప్పు. వరసగా ఓడేవాడి ఆట సరిగ్గా అక్కడే పాడవుతుంది. మొదట అదృష్టం బాగోక ఓడతాడు, ఆ టెన్షన్‌తో తర్వాత నిజంగానే ఆట చెడుతుంది, రెండూ కలిసిపోయాక ఏది ఏదో విడదీయడం కష్టం.

వెగాస్ సంగతి. అక్కడ జరిగే వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్‌లో ప్రధాన టోర్నమెంటును మెయిన్ ఈవెంట్ అంటారు, దాని ఫీజు 1972 నుంచీ 10 వేల డాలర్లే. 2003లో క్రిస్ మనీమేకర్ అనే అకౌంటెంట్ ఆన్‌లైన్ శాటిలైట్ (పెద్ద టోర్నమెంటులో సీటే ప్రైజుగా ఇచ్చే చిన్న టోర్నమెంటు) నుంచి వచ్చి గెలిచినప్పుడు అక్కడ ఆడింది 839 మంది, 2024లో 10,112 మంది. ఆ కథ చూసి వెళ్లేవాళ్లకు ఈ రెండో అంకె ఎవరూ చెప్పరు. పైగా భారతీయులు అక్కడ ప్రైజు గెలిస్తే 30 శాతం పన్ను అక్కడే కోసేస్తారు. మెయిన్ ఈవెంట్ వదిలేసి వెయ్యి, పదిహేను వందల డాలర్లవి నాలుగైదు ఆడి, ఆ డబ్బు మొత్తం పోయినా ఇంటి అద్దెకు ఇబ్బంది లేదనుకుంటే వెళ్లు. అక్కడి ఆట చూడటమే పెద్ద చదువు. దానికోసం అప్పు చేసేటట్టయితే ఈసారికి ఆగు.

ప్రశ్న: మావారు వారాంతాల్లో టోర్నమెంట్లు ఆడతారు. పెద్దవాటికి, వచ్చే ప్రైజులో వాటాలు స్నేహితులకు ముందే అమ్మి ఫీజు కడతారు. అంతా నోటిమాటే, కాగితం లేదు. అందరూ మన తెలుగువాళ్లే, కుటుంబాలతో కలిసి తిరిగేవాళ్లం. నాకు భయంగా ఉంది. (ఆస్టిన్, టెక్సస్)

మీ భయం న్యాయమైనదే. వాటాలు అమ్మడం తప్పేమీ కాదు, పెద్ద ఆటగాళ్లందరూ చేస్తారు, ఓటమి దెబ్బ పంచుకోవడానికి ఇంతకన్నా మంచి దారి లేదు. గొడవంతా నోటిమాట దగ్గరే వస్తుంది. 2006లో జేమీ గోల్డ్ మెయిన్ ఈవెంట్ గెలిచి కోటీ 20 లక్షల డాలర్లు అందుకోగానే, క్రిస్పిన్ లేసర్ అనే ఆయన అందులో సగం తనకిస్తానన్నాడని కోర్టుకెక్కాడు. చివరికి 2007లో రాజీ పడ్డారు. వెయ్యి డాలర్లు వచ్చి ఉంటే ఇద్దరూ నవ్వుకుంటూ పంచుకునేవాళ్లు.

ఆట మొదలవక ముందే అందరూ ఉన్న వాట్సాప్ గ్రూపులో ఒక్క మెసేజ్ చాలు: ఏ టోర్నమెంటు, ఎవరిది ఎంత శాతం, ఎంత కట్టారు, అవుటై మళ్లీ ఫీజు కట్టి కూర్చుంటే ఆ డబ్బు ఎవరిది, పన్ను పోయాక పంచుతారా ముందే పంచుతారా. మీవారు నేర్పున్న ఆటగాడినని వాటాకు అసలు ధరకన్నా ఎక్కువ తీసుకుంటుంటే అది కూడా అందులో ఉండాలి, స్నేహితులకు తర్వాత తెలిస్తే మనసు విరుగుతుంది. ఎవరైనా ఒక్కరే మొత్తం ఫీజులు పెట్టి ఆడిస్తుంటే "మేకప్" అనేది ఉంటుంది, అంటే ఇప్పటిదాకా పోయిన డబ్బంతా పూడ్చాకే లాభంలో మీవారికి వాటా. అలాంటి ఒప్పందంలో ఉన్నారేమో అడగండి. ఏడాది పాటు ఆడి, పెద్ద ప్రైజు కొట్టి కూడా ఇంటికి డాలరు తేనివాళ్లు ఉంటారు, కారణం ఇదే.

పన్ను మరవద్దు. గెలిచిన మొత్తం మీవారి పేరు మీదే నమోదైతే, స్నేహితులకు ఇచ్చేసిన డబ్బుకు కూడా లెక్క చెప్పాల్సింది ఆయనే. వాటాదారుల పేర్లు చూపడానికి ఫారం 5754 ఉంది, కేసినో తీసుకుంటుందో లేదో ముందే అడగాలి. ఇంకోటి, 2026 నుంచి అమెరికాలో పందేల నష్టాల్లో 90 శాతమే తీసేయనిస్తారు. ఏడాదంతా లక్ష డాలర్లు గెలిచి లక్ష డాలర్లు ఓడినా 10 వేల మీద పన్ను పడొచ్చు. ఇలాంటివి తెలిసిన సీపీఏను (అక్కడి పన్ను లెక్కలు చూసే అకౌంటెంటును) ఒకసారి కలవండి.

ప్రశ్న: రమ్మీ నైపుణ్యం ఆట అని సుప్రీంకోర్టే చెప్పిందిగా? మరి మన ఊళ్లో డబ్బు పెట్టి పోకర్ ఆడితే తప్పేంటి? (కరీంనగర్)

చెప్పింది. సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు కేసులోనే, 1967లో. మూడు ముక్కలాటలాగా రమ్మీ పూర్తిగా అదృష్టం మీద ఆధారపడదు, ముక్కలు గుర్తుపెట్టుకుని ఆడాలి అంది. పోకర్‌లోనూ నైపుణ్యం ఉందని నేను గట్టిగా నమ్ముతాను. అయితే తెలంగాణ 2017లో తన చట్టం మార్చి నైపుణ్యం ఆటలకున్న మినహాయింపు తీసేసింది, ఆంధ్రప్రదేశ్ 2020లో ఆన్‌లైన్ పందేలు నిషేధించింది, 2025 కేంద్ర చట్టం సంగతి పైన రాశాను. కాబట్టి ఊళ్లో వద్దు. ప్లాస్టిక్ బిళ్లలు (చిప్స్) పెట్టుకుని, డబ్బు లేకుండా ఆడి నేర్చుకోండి.

ప్రశ్న: మూడేళ్లుగా ఆడుతున్నాను. పోయిన నెల 40 లక్షల ప్రైజు వచ్చింది. ఇప్పుడు పెద్ద ఫీజుల టోర్నమెంట్లకు వెళ్లాలా? ఇంట్లో ఫ్లాట్ కొనమంటున్నారు. (విశాఖపట్నం)

ముందు అభినందనలు! మూడేళ్లు తట్టుకుని నిలబడటం చిన్న విషయం కాదు.

ఓడినప్పుడు ఎలా ఉండాలో చెప్పేవాళ్లు చాలామంది దొరుకుతారు, గెలిచాక ఎలా ఉండాలో చెప్పేవాళ్లు లేరు. స్టూ ఉంగర్ కన్నా సహజ ప్రతిభ ఉన్న ఆటగాడు లేడంటారు. 1980, 81లో మెయిన్ ఈవెంట్ గెలిచాడు, మళ్లీ 1997లో బిల్లీ బాక్స్‌టర్ ఫీజు కడితే ఆడి మూడోసారి గెలిచాడు. పది లక్షల డాలర్లలో సగం బాక్స్‌టర్‌కి పోగా మిగిలింది మత్తుమందులకూ, వేరే పందేలకూ పోయింది. 1998 నవంబరులో, 45 ఏళ్ల వయసులో, వెగాస్‌లో ఒక చవక మోటెల్ గదిలో చనిపోయాడు. అంత్యక్రియలకు స్నేహితులు చందాలు వేసుకున్నారు. మీకు అలా అవుతుందని కాదు. గెలుపు తర్వాతి నెలల్లో మనిషికి తన మీద ఉండే నమ్మకం చాలా ఎక్కువగా ఉంటుంది, అది ఆటలోనే ఆగదు.

మీకు చేతికొచ్చింది 40 కాదు, 30 శాతం పన్ను, దాని మీద సెస్సు పోగా 28 లక్షలకన్నా కొంచెం తక్కువ. మన చట్టం ప్రకారం మూడేళ్లుగా ఓడిన ఫీజులు ఇందులోంచి తీసేసి చూపించడానికి వీల్లేదు, అది నాకు అన్యాయంగానే అనిపిస్తుంది కానీ ఉన్నది అదే. అందులోంచి పాత అప్పులు తీర్చండి. ఏడాది ఇంటి ఖర్చు మీ పేరు మీద కాకుండా మీ ఆవిడ పేరు మీదో, అమ్మగారి పేరు మీదో వేయండి. మిగిలినదే ఆట డబ్బు. ఒక్కో టోర్నమెంటు ఫీజు అందులో నూరో వంతు దాటకూడదు, ఇంకా తక్కువైతే మేలు. ఆ లెక్కన చూస్తే మీరు ఇప్పటిదాకా ఆడుతున్న స్థాయే మీకు సరిపోతుందని మీకే తెలుస్తుంది. ఒక పెద్ద టోర్నమెంటు మీద మనసు లాగితే వాటాలు అమ్మి ఆడండి.

ఫ్లాట్ విషయంలో మాత్రం తొందర వద్దు. ఈఎంఐ మొదలైతే ప్రతి నెలా గెలవాలి, టోర్నమెంట్లలో అది ఎవరివల్లా కాదు. అప్పు లేకుండా కొనగలిగితే కొనండి, లేదంటే ఫిక్స్‌డ్ డిపాజిట్ చేసి వచ్చే ఏడాది ఇదే సమయానికి లెక్కల పుస్తకం తీసి మళ్లీ చూడండి.