చెస్ట్ ఆపరేషన్‌ను 'కాస్మెటిక్' అని క్లెయిమ్ తిప్పికొట్టారు, ఏం చేయాలి?

ప్రశ్న: మాది పలమనేరు. నా వయసు 24. ఎడమ రొమ్ము కింద గట్టి గడ్డలా వచ్చి, చొక్కా తగిలినా నొప్పి పుట్టేది. తిరుపతిలో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో స్కాన్, రక్తపరీక్షలు చేసి గైనకోమాస్టియా (మగవాళ్లలో రొమ్ము గ్రంథి పెరగడం) అన్నారు. కొన్నాళ్లు మందులు వాడినా తగ్గకపోవడంతో ఆపరేషన్ చేసి గ్రంథి తీశారు. ముందు డబ్బు కట్టి, తర్వాత ఇన్సూరెన్స్‌కు బిల్లులు పెట్టాను. 'కాస్మెటిక్ సర్జరీ, పాలసీ వర్తించదు' అని లెటర్ వచ్చింది. కేసు వేస్తే ఊళ్లో అందరికీ తెలిసిపోతుందేమోనని టెన్షన్‌గా ఉంది. నాకు దారి ఉందా?

జవాబు: ఉంది. మీరు పంపిన కాగితాలు మొత్తం చదివాను. డిశ్చార్జ్ సమ్మరీలో జబ్బు పేరు 'గైనకోమాస్టియా, ఎడమ' అని సరిగానే ఉంది. ఆపరేషన్ పేరు దగ్గర మాత్రం 'మేల్ చెస్ట్ కాంటూరింగ్' అని రాశారు. అంటే ఛాతీ ఆకారం సరిచేయడం. కంపెనీ పట్టుకున్నది ఈ మూడు మాటలనే.

పాలసీలో కాస్మెటిక్ సర్జరీకి మినహాయింపు ఉన్న మాట నిజమే. కానీ అదే నిబంధనలో ఇంకో వాక్యం ఉంటుంది. ప్రమాదం, కాలిన గాయాలు, క్యాన్సర్ తర్వాత చేసే సర్జరీకి, ఆరోగ్యానికి నేరుగా, తక్షణంగా ఉన్న ముప్పును తొలగించే వైద్యానికి ఈ మినహాయింపు వర్తించదు. ఆ అవసరాన్ని వైద్యం చేసిన డాక్టరు ధ్రువీకరించాలి. మీకు పంపిన లెటర్లో ఈ రెండో సగం ఊసే లేదు. మినహాయింపు వర్తిస్తుందని రుజువు చేసుకోవాల్సిన భారం బీమా కంపెనీదేనని సుప్రీంకోర్టు చెప్పింది.

'తక్షణ ముప్పు' అన్న మాట దగ్గరే అసలు పోట్లాట జరుగుతుంది. యుక్తవయసులో అబ్బాయిలకు హార్మోన్ల హెచ్చుతగ్గుల వల్ల వచ్చే వాపు చాలామందిలో రెండేళ్లలోపు దానంతటదే తగ్గిపోతుంది. లావుగా ఉన్నవాళ్లలో కనిపించేది కొందరికి వట్టి కొవ్వే, గ్రంథి పెరగదు. అలాంటివాళ్లు లైపోసక్షన్ (కొవ్వు తీసే ఆపరేషన్) చేయించుకుని క్లెయిమ్ అడిగితే గెలవడం కష్టమని మొహం మీదే చెప్తాను. మీ సంగతి వేరు. ఒక్క వైపే, గట్టిగా, నొప్పితో ఉన్న గడ్డ అది. మగవాళ్లకూ రొమ్ము క్యాన్సర్ వస్తుంది, అరుదే అయినా. అందుకే అలాంటి గడ్డ క్యాన్సరా కాదా అని డాక్టరు తేల్చుకోవాలి. కొన్ని మందులు, లివర్ జబ్బు, థైరాయిడ్, జిమ్‌లో వాడే స్టెరాయిడ్లు కూడా దీనికి కారణం కావచ్చు. మీకు ఆ రక్తపరీక్షలన్నీ రాసింది అందుకే. గ్రంథి గట్టిపడిపోయాక మందులు పెద్దగా పనిచేయవు, తీసేయడమే మార్గం. ఇది ముస్తాబు కోసం పోయినవాడి ఫైల్ కాదని మీ కాగితాలే చెప్తున్నాయి.

మీ ఫైల్లో అన్నిటికన్నా బలమైనది బయాప్సీ రిపోర్ట్. తీసింది గ్రంథి కణజాలమని ల్యాబ్ రాసిచ్చింది. కంపెనీకి పంపిన బిల్లులతో దాన్ని జతచేయలేదని మీరే అన్నారు. ముందు ఆ పని చేయండి.

డాక్టరు దగ్గరికి వెళ్లి, గడ్డ ఎలా ఉంది, ఏ అనుమానంతో పరీక్షలు రాశారు, మందులు ఎన్నాళ్లు వాడారు, ఆపరేషన్ ఎందుకు తప్పలేదు అన్నవి లెటర్‌హెడ్ మీద రాసివ్వమనండి. డిశ్చార్జ్ సమ్మరీని పాత తేదీతో మార్చి రాయించే ఆలోచన మాత్రం పెట్టుకోవద్దు. అది బయటపడితే న్యాయమైన క్లెయిమ్ కూడా మోసం కింద పోతుంది. కేస్ షీట్ (ఆస్పత్రి రాసిపెట్టుకున్న మీ వైద్యం రికార్డు) నకలు కావాలని రాతపూర్వకంగా అడగండి. వైద్య నిబంధనల ప్రకారం 72 గంటల్లో ఇవ్వాలి.

ఇవన్నీ జతచేసి కంపెనీ గ్రీవెన్స్ ఆఫీసర్‌కు ఈమెయిల్ పెట్టండి. నెలలోపు జవాబు రాకపోయినా, మళ్లీ కాదన్నా, హైదరాబాద్‌లోని బీమా తగాదాలు తేల్చే అధికారికి, అంటే బీమా ఓంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయొచ్చు. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు, ఆన్‌లైన్‌లోనే వేయొచ్చు. కంపెనీ కాదన్న నాటి నుంచి ఏడాదిలోపు వేయాలి. అక్కడ మీకు అనుకూలంగా అవార్డు (అంటే తీర్పు) వస్తే కంపెనీ దానికి కట్టుబడాలి. మీకు నచ్చకపోతే మీరు ఒప్పుకోనక్కర్లేదు, వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చు. ముందే కమిషన్‌లో కేసు వేస్తే మాత్రం ఓంబుడ్స్‌మన్ తీసుకోరు. అందుకే ఈ వరుస చెప్తున్నాను.

కమిషన్‌కు గడువు రెండేళ్లు. మొదటి తిరస్కరణ లెటర్ తేదీ నుంచే లెక్క వేసుకోండి, ఓంబుడ్స్‌మన్ దగ్గర ఆలస్యమైందని ఆ గడువు ఆగుతుందనుకోవద్దు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం వచ్చాక మీరు ఉండే చోటే వేయొచ్చు. కాబట్టి ఆస్పత్రి తిరుపతిలో, కంపెనీ ముంబయిలో ఉన్నా మీకు చిత్తూరు చాలు. 5 లక్షల లోపు వ్యవహారానికి ఫీజు కూడా లేదు.

ఇక నలుగురికీ తెలుస్తుందన్న భయం. ఓంబుడ్స్‌మన్ విచారణ కోర్టు హాల్లో నలుగురి ముందు జరిగేది కాదు. కమిషన్ తీర్పులు మాత్రం పేర్లతో ఆన్‌లైన్‌లో కనిపిస్తాయి. అక్కడిదాకా వెళ్తే, పేరు బయటపెట్టొద్దని కేసుతో పాటే విడిగా పిటిషన్ పెట్టండి. ఒప్పుకోవడం కమిషన్ ఇష్టం, అడిగే హక్కు మీది. ఫిర్యాదులో స్కాన్ ఫొటోలు, ఒంటి ఫొటోలు పెట్టనక్కర్లేదు, రిపోర్టులు సరిపోతాయి.