ఆ పుస్తకం బీరువాలోంచి బయటికి తీయండి

ప్రశ్న: మాది అమలాపురం దగ్గర ఒక పల్లె. నాకు 48 ఏళ్లు. మావారు కొబ్బరి తోట, కొద్దిపాటి వరి పొలం చూసుకుంటారు. పిల్లలిద్దరూ ఉద్యోగాల మీద దూరంగా ఉన్నారు. కొన్నేళ్లుగా రాత్రి పనులన్నీ అయ్యాక ఆ రోజు చూసినవీ విన్నవీ నోటుపుస్తకంలో రాసుకోవడం అలవాటైంది. గొప్ప విషయాలేమీ కావు. మొన్న సంక్రాంతికి వచ్చిన మా పెద్ద ఆడపడుచు కంట ఆ పుస్తకం పడింది. భోజనాల దగ్గర అందరి ముందూ పైకి చదివారు. ఒకటే నవ్వులు. చివరికి ఆవిడ గురించి రాసిన మాట కూడా వచ్చేసరికి ఎవరూ మాట్లాడలేదు. మావారు 'ఈ రాతల బదులు పద్దులు రాసినా పనికొచ్చేది' అన్నారు. ఆ రోజే పుస్తకాన్ని బీరువా అడుగున పడేశాను. ఇప్పుడు రాత్రి ఆ వేళ అయ్యేసరికి ఏమీ తోచదు. అమ్మాయి మాత్రం 'రోజూ ఒక పేజీ నాకు ఫోనులో చదివి వినిపించమ్మా' అని పోరుతోంది. ఈ వయసులో ఇలా రాసుకోవడం చాదస్తమా? అన్నీ తగలబెట్టేయనా? మచ్చుకు కొన్ని వాక్యాలు ఎత్తి రాస్తున్నాను.
- ఒక సోదరి, కోనసీమ

జవాబు: తగలబెట్టకండమ్మా. ముందు ఆ ఆలోచన మానుకోండి, మిగతా విషయాలు నిదానంగా మాట్లాడుకుందాం.

మీరు ఎత్తి రాసిన వాక్యాలను నేను ఒకటికి రెండుసార్లు చదివాను. జూన్‌లో రాసిన మాట చూడండి: 'కాలువకు నీళ్లు వదిలారు. ముందు చెత్త వచ్చింది, దాని వెనక నురగ వచ్చింది, ఆ తర్వాత నీళ్లు వచ్చాయి. పక్కింటి కుక్క మూడింటినీ మొరిగి పలకరించింది.' ధవళేశ్వరం దగ్గర 1852లో ఆనకట్ట పూర్తయినప్పటి నుంచి డెల్టాలో బతుకంతా కాలువ నీటి మీదే నడుస్తోంది. నీళ్లు ఏ తేదీన వదిలారో సర్కారు కాగితాల్లో ఉంటుంది, పత్రికల్లోనూ వస్తుంది. ఆ నీటికి ముందు మీ ఊరి రేవులోకి ఏం కొట్టుకొచ్చిందో, కుక్క ఏం చేసిందో మాత్రం మీ పుస్తకంలో తప్ప ఇంకెక్కడా దొరకదు.

జగ్గన్నతోట ప్రభల తీర్థం గురించి రాసింది నాకు ఇంకా నచ్చింది. కనుమ నాడు గంగలకుర్రు ఊరి ప్రభలు, అంటే వెదురుతో కట్టి అలంకరించి భుజాల మీద మోసే దేవుడి ఎత్తైన చట్రాలు, కౌశిక ఏటి నీళ్లలోంచి దాటుతుంటే గట్టు మీద జనమంతా ఫోన్లు ఎత్తి పట్టుకుని ప్రభలనే చూస్తారు. మీరు ప్రభను వదిలేసి, మోసే మనిషిని చూశారు. 'గట్టెక్కాక ఒకతను తలపాగా విప్పి అందులోంచి అగ్గిపెట్టె తీశాడు. తడవలేదని చూసుకుని, ప్రభ దాటినప్పటికన్నా ఎక్కువ మురిసిపోయాడు' అని రాశారు. ఇది చదివి నేను నవ్వుకున్నాను. మీ ఇంట్లో వాళ్లు నవ్విన నవ్వు వేరు, ఇది వేరు.

రోజూ రాసుకునే అలవాటులో ఉన్న సుఖం రాత్రి కలం పట్టుకున్నాక మొదలయ్యేది కాదు. పొద్దున్నే మొదలవుతుంది. రాత్రికి ఒక పేజీ ఉందని తెలిసిన మనిషి రోజంతా కళ్లు తెరుచుకుని తిరుగుతుంది. పూలమ్మే ఆమె మూర కొలిచేటప్పుడు ఒకరికి చెయ్యి చాచి, ఇంకొకరికి ముడుచుకుని కొలుస్తుందని మీరు పట్టుకున్నారంటే అందుకే. రాయని వాళ్లకు అదే పూలమ్మి రోజూ ఎదురైనా మూర తగ్గిందన్న చిరాకే మిగులుతుంది. మీకు చిరాకు పోయి వినోదం దక్కింది. బస్సు ఆలస్యమైనా, కరెంటు పోయినా, పెళ్లి భోజనంలో మీ విస్తరి దాకా వచ్చేసరికి గుత్తి వంకాయ అయిపోయినా 'ఇది రాసుకోవచ్చు' అనిపించడం చిన్న లాభం కాదు. మీకిప్పుడు రాత్రి వేళ తోచడం లేదన్నారు. నా అనుమానం, పగళ్లు కూడా కొంత చప్పబడి ఉంటాయి. ఒకసారి గమనించుకోండి.

ఈ అలవాటులో రెండో సుఖం పాత పేజీలు తిరగేయడం. 2014లో హార్వర్డ్ పరిశోధకులు కొందరు ఈ విషయం మీదే ఒక అధ్యయనం ప్రచురించారు. విద్యార్థుల చేత ఆ రోజుల్లో తాము విన్న పాటలు, మాట్లాడుకున్న మాటలు, చేసిన పనులు రాయించి దాచి, మూడు నెలల తర్వాత చూపించారు. అవి చూడటం ఎంత ఆసక్తిగా ఉంటుందని వాళ్లు ముందు అనుకున్నారో, తీరా చూశాక అంతకు మించి ఆసక్తి కలిగింది. మామూలు రోజుల రాతల విలువనే మనుషులు ముందుగా మరీ తక్కువగా అంచనా వేస్తారని కూడా తేలింది. పెళ్లిళ్లు, తీర్థాలు ఎలాగూ గుర్తుంటాయి. మంగళవారం మధ్యాహ్నం వలుపు కార్మికులు కొబ్బరి రాశి దగ్గర కూర్చుని ఏం పరాచికాలాడుకున్నారో రాసుకోకపోతే మిగలదు.

మీ వారి మాటకు వద్దాం. పద్దులు రాసినా పనికొచ్చేదన్నారు. చాలామంది ఇలాంటప్పుడు 'లేదండీ, ఇదీ పనికొస్తుంది' అని నిరూపించబోతారు. ఆ పని మీరు చేయకండి. గుమ్మం ముందు ముగ్గు ఎందుకు పనికొస్తుందని మిమ్మల్ని ఇంతవరకూ ఎవరూ అడగలేదు, మధ్యాహ్నానికి అది చెరిగిపోయినా మీరు బాధపడలేదు. మీ పుస్తకం కూడా అంతే. మీకు ఇష్టం కాబట్టి రాసుకుంటున్నారు, ఆ కారణం చాలు. పైగా నాకు అర్థమైనంతలో, అక్కగారు చిన్నబుచ్చుకునేసరికి ఆయనకు ఏం చేయాలో పాలుపోక, పంక్తిలో మాట మార్చడానికి అన్న మాట అది. అందులో మీ మీద చులకన ఉందో లేదో ఆయనను అడిగే తెలుసుకోవాలి. భోజనాల దగ్గర కాకుండా, మీరిద్దరే ఉన్న వేళ చూసి సూటిగా చెప్పండి: 'నాకు ఇలా రాసుకోవడం ఇష్టం. ఆ రోజు మీరన్న మాట నన్ను నొప్పించింది. నా పుస్తకం నేను ఇస్తేనే ఎవరైనా చదవాలి.' ఈ మూడు మాటలకు మించి వద్దు. ఏడుపూ వద్దు, దెప్పడమూ వద్దు.

అసలు ఆ రోజు జరిగిన తప్పు ఏమిటో మీరు ఉత్తరంలో ఎక్కడా అనలేదు, కాబట్టి నేనే అంటాను. ఒకరు రాసుకున్న పుస్తకాన్ని వాళ్లను అడగకుండా తెరవడం, పదిమంది ముందు చదవడం తప్పు. రాసింది కోడలైనా, చదివింది పెద్ద ఆడపడుచైనా అది తప్పే. కుటుంబంలో దాపరికాలేమిటన్న మాట మన ఇళ్లలో తరచుగా వినిపిస్తుంది. మనిషికి తనదంటూ కాస్త చోటు ఉండటాన్ని దాపరికం అనరు.

అలాగని వదినగారితో మాటలు మానుకోవద్దు. 'వదినగారు పూతరేకులు పంచుతూ తమ పిల్లల వంతు వచ్చేసరికి లెక్క తప్పారు' అన్న వాక్యంలో నాకు ద్వేషం కనబడలేదు, ఒక చురుకైన కన్ను కనబడింది. అయినా పదిమందిలో ఆవిడ ముఖం చిన్నబోయింది. ఆవిడ తన చేతులారా తెచ్చుకున్నదే అయినా, మీరు ఫోను చేసి 'సరదాగా రాసుకున్నాను వదినగారూ, మీ ముందు చదవాలని రాసింది కాదు, ఏమీ అనుకోకండి' అంటే మీ పరువేమీ పోదు. రాసినందుకు క్షమాపణ మాత్రం చెప్పవద్దు. ఆ రెండింటికీ తేడా ఆవిడకు తెలుస్తుంది.

మీ అమ్మాయి కోరికే ఈ ఉత్తరం మొత్తంలో నాకు బాగా సంతోషం కలిగించిన విషయం. ఏనుగుల వీరాస్వామయ్య 1830 మేలో మద్రాసు నుంచి కాశీకి బయలుదేరి, 1831 సెప్టెంబరులో తిరిగి చేరేదాకా దారి పొడవునా మజిలీల ముచ్చట్లు రాసుకుంటూ వచ్చారు. ఏ ఊళ్లో బజారు ఉంది, ఎక్కడ నీళ్లు బాగున్నాయి, ఏ దారి నడవడానికి కష్టం, ఇవీ అందులో ఉన్నాయి. ఆయన వాటిని లోకం కోసమని మొదలుపెట్టలేదు. కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్లై అనే స్నేహితుడికి పంపేవారు. ఆ స్నేహితుడే 1838లో వాటిని అచ్చు వేయించాడు. వినడానికి ఒక్క మనిషి ఉత్సాహంగా ఎదురుచూస్తుంటే రాతకు అంతకన్నా ఏం కావాలి? మీకు ఆ మనిషి కడుపున పుట్టిన కూతురే. అయితే రోజూ అని ఒప్పుకోకండి. రోజూ అంటే అదొక పని అవుతుంది, రాసేటప్పుడే 'అమ్మాయికి ఇది నచ్చుతుందా' అన్న బెంగ పట్టుకుంటుంది. వారానికి ఒకసారి, మీరు ఎంచుకున్న పేజీ చాలు. మేనత్త ముచ్చట్లు ఉన్న పేజీలు మాత్రం మీ దగ్గరే ఉండనివ్వండి. పుస్తకంలో ఏమైనా రాసుకునే హక్కు మీకుంది, వినిపించేటప్పుడు మాత్రం ఎదుటివాళ్ల పరువు చూడాలి.

ఇంకో సంగతి. రాయడం మనసుకు మందు అని ఈ మధ్య అందరూ చెబుతున్నారు. 1986లో జేమ్స్ పెన్నెబేకర్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త చేసిన ప్రయోగం దీనికి మూలం. విద్యార్థుల చేత తమ జీవితంలోని పెద్ద బాధ గురించి రోజుకు పావుగంట చొప్పున వరుసగా నాలుగు రోజులు రాయించారు. ఆ తర్వాతి నెలల్లో వాళ్లు వైద్యం కోసం వెళ్లడం తగ్గింది. మంచిదే, కానీ అది వేరే రాత. మీ పుస్తకాన్ని బాధలు దింపుకునే చోటుగా మార్చమని నేను చెప్పను. సంక్రాంతి నాటి అవమానం గుండెల్లో మెలిపెడుతుంటే విడి కాగితాల మీద రాసి పారేయండి. పుస్తకంలోకి పులస రాక, పక్కింటి కుక్క, పూలమ్మి మూర ఇవే రానివ్వండి. ఒకవేళ రెండు వారాలకు మించి నిద్ర పట్టక, తిండి సహించక, దేని మీదా మనసు నిలవకుండా ఉంటే, అప్పుడు పుస్తకం మీద ఆధారపడకుండా వైద్యుణ్ణి కలవండి. మీ ఉత్తరంలో అలాంటి సూచనలైతే నాకు కనబడలేదు.

మీ వారిని ఈ సరదాలోకి లాగాలని ప్రయత్నించకండి, వస్తే కాదనకండి. కొబ్బరికాయల దింపు రోజున తోట నుంచి వచ్చి కాళ్లు కడుక్కుంటున్నప్పుడు 'ఈరోజు అక్కడ విశేషాలేమిటి' అని మామూలుగా అడగండి. ఆయన చెప్పింది రాసుకోండి, పక్కన ఆయన పేరు వేయండి. చూపించమంటే ఆ పేజీ ఒక్కటే చూపించండి.

సంక్రాంతి తర్వాత ఖాళీ పడిన రోజుల కోసం బాధపడి, గుర్తు తెచ్చుకుని పూరించాలని కూర్చోకండి. కొత్త పేజీ తీసి, ఈ రోజు తేదీ వేయండి.